పాడయ్యే తీరు చూసి ఎంచుకోండి: ఆఫ్‌రోడ్ బండికి నూనెలు, టైర్లు, విడిభాగాలు

ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని బురదలోకీ రాళ్లలోకీ దించేవాళ్లు విడిభాగం కొనేటప్పుడు ముందుగా అడిగేది "ఏది గట్టిది?" అని. నేనైతే ఇంకోటి ముందు అడగమంటాను: "ఇది పాడైతే ఎలా పాడవుతుంది?" తారురోడ్డు మీదే తిరిగే కారుకి ఈ ప్రశ్న అంత అవసరం లేదు. ఏదైనా ఆగిపోతే పక్కకి తీసి ఫోన్ చేస్తే లాక్కెళ్లే బండి వస్తుంది. వాగు దాటాక, సిగ్నల్ అందని కొండదారిలో అది కుదరదు. అక్కడ మనకి కావలసిన విడిభాగం, పాడవడం మొదలైనప్పుడే కంటికో చెవికో తెలియాలి. ఉన్నపళంగా విరగకుండా మెల్లగా అరగాలి. చేతిలో ఉన్న పనిముట్లతో కనీసం రోడ్డెక్కేంత మటుకు బాగుచేసుకునేలా ఉండాలి. గట్టిదనం ఆ తర్వాతి సంగతి.

ఈ కొలతతో చూస్తే చాలా పోలికల్లో జవాబు మారిపోతుంది. ఖరీదైనదే ప్రతిసారీ నెగ్గదు. అలాగని చవకదీ నెగ్గదు. బ్రేకులు, స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ లెక్క వేరు. అది చివర్లో చెప్తాను.

ఇరుసుల్లో నూనె: మినరలా, సింథటిక్కా?

ముందు ఇక్కడే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఆఫ్‌రోడ్ బండ్లలో ఎక్కువగా చెడేదీ, చెడినట్టు అందరికంటే ఆలస్యంగా తెలిసేదీ ఇరుసులోని నూనే.

కాసేపు నడిచిన డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకీ శక్తిని పంచే గేర్ల పెట్టె) బాగా వేడెక్కి ఉంటుంది. ఆ వేడి మీద బండి చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుంటుంది, పీడనం పడిపోతుంది. ఇరుసు పైన ఉండే బ్రీదర్ అనే గాలి రంధ్రం గుండా గాలి లోపలికి రావాలి. ఆ బ్రీదర్ మట్టితో మూసుకుపోతే ఆయిల్ సీళ్ల పెదవుల మీదుగా నీళ్లు లోపలికి పోతాయి. బ్రీదరే నీళ్లలో మునిగి ఉంటే దాని గుండానే పోవచ్చు. బయటికి చుక్క కారదు, చప్పుడు రాదు. కొన్ని వారాల తర్వాత నూనె తీస్తే పాలు కలిపిన కాఫీ రంగులో వస్తుంది. అప్పటికే బేరింగుల మీద తుప్పు మచ్చలు పడి ఉంటాయి.

ఇది తెలిస్తే నూనె ఎంపిక తేలికవుతుంది. మినరల్ 80డబ్ల్యూ-90, సింథటిక్ 75డబ్ల్యూ-90 రెండూ వేడెక్కాక ఒకే 90 తరగతిలో ఉంటాయి. ముందున్న అంకె చలిలో ఎంత పల్చగా పారుతుందన్న దాని గురించి. ఎస్‌ఏఈ ప్రమాణం 75డబ్ల్యూ నూనెను మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూ నూనెను మైనస్ 26 డిగ్రీల దగ్గర కొలుస్తుంది. సింథటిక్‌కి అసలు బలం వేడిని ఎక్కువకాలం తట్టుకోవడం. మంచుదారుల్లో తిరిగేవాళ్లకీ, మెత్తటి ఇసుకలో గంటలకొద్దీ నడిపేవాళ్లకీ, బరువైన ట్రైలర్ లాగేవాళ్లకీ అది నిజంగా పనికొస్తుంది. నీళ్లు చేరితే మాత్రం సింథటిక్ కూడా మినరల్‌లాగే పాడవుతుంది. వాగులు దాటే బండికి, తయారీదారు సింథటిక్ తప్పనిసరి అననంతవరకు, మంచి మినరల్ నూనె పోసి తరచుగా మార్చడమే నా సలహా. సింథటిక్ పోసినవాళ్లు ఇంకా చాలాకాలం వస్తుందన్న ధైర్యంతో ప్లగ్గు విప్పరు. ఆ ధైర్యమే ఇరుసుకి చేటు చేస్తుంది.

గేర్ నూనెల్లో జీఎల్-4, జీఎల్-5 అనే రెండు తరగతుల మధ్య తేడా ఇంతకంటే ముఖ్యం. డిఫరెన్షియల్‌లోని హైపాయిడ్ గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి గట్టిగా ఒత్తుకుంటూ జారతాయి. అందుకే వాటికి సల్ఫర్, ఫాస్ఫరస్ సమ్మేళనాలు ఎక్కువగా కలిపిన జీఎల్-5 కావాలి. మాన్యువల్ గేర్‌బాక్సులో గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్ రింగులు ఉంటే ఆ సమ్మేళనాలే వాటిని తినేయొచ్చు. గేరు పడేటప్పుడు గరగరలాడే దాకా ఆ సంగతి బయటపడదు. ఒకే డబ్బా కొని గేర్‌బాక్సులో, ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజిన్ శక్తిని ముందు వెనక ఇరుసులకి పంచే పెట్టె), రెండు ఇరుసుల్లో పోసేయడం అందుకే వద్దంటాను. చైనుతో నడిచే చాలా ట్రాన్స్‌ఫర్ కేసులకి ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ నూనె కావాలి, గేర్ల మీద నడిచేవాటికి గేర్ ఆయిల్ కావాలి. బండితో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయాలి.

నూనె మార్చేటప్పుడు ముందు పైనున్న నింపే ప్లగ్గు విప్పండి. కింది ప్లగ్గు తీసి నూనంతా వదిలేశాక పై ప్లగ్గు బిగుసుకుపోయిందని తెలిస్తే బండి కదలలేదు. అయస్కాంతం ఉన్న ప్లగ్గు మీద మెత్తటి బూడిదరంగు పేస్టు కనిపిస్తే కంగారు అక్కర్లేదు, అది మామూలు అరుగుదల. వేలికి తగిలేంత రేకులో, పంటి ముక్కో కనిపిస్తే డిఫరెన్షియల్ విప్పించాల్సిందే.

బ్రీదర్లలో కూడా రెండు దారులు. ఇరుసు మీదే ఉండే మామూలు టోపీ బ్రీదర్ ఒకటి. గొట్టం కలిపి ఇంజిన్ గదిలో ఎత్తున కట్టుకునేది రెండోది. ఇక్కడ నాకు సందేహమే లేదు, గొట్టమే మేలు. ఈ బండి మీద చేసే మార్పుల్లో పెట్టిన ఖర్చుకి ఇంతకంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది నాకు తెలిసి లేదు. గొట్టం ఎక్కడా మడత పడకుండా, సస్పెన్షన్ పూర్తిగా కిందికి జారినప్పుడు లాగేసినట్టు కాకుండా కొంచెం వదులుగా కట్టాలి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు: గ్రీజు పట్టేవా, సీలు చేసినవా?

క్రాసు అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇరుసుకి శక్తిని మోసే గొట్టం) చివర వంగేలా చేసే కూడలి ముక్క. సీలు చేసిన క్రాసు లోపల బోలుగా ఉండదు కాబట్టి గట్టిది. గ్రీజు నిప్పిల్ ఉన్న క్రాసులో గ్రీజు పారడానికి రంధ్రాలు ఉంటాయి, అంతమేరకు బలం తగ్గుతుంది. బలం ఒక్కటే చూస్తే సీలు చేసినదే తీసుకోవాలి. పెద్ద టైర్లు, డిఫరెన్షియల్ లాకర్లు (ఇరుసు మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పేవి) పెట్టుకుని రాళ్లెక్కేవాళ్లు అదే తీసుకోవాలి, వాళ్లకి క్రాసు తుప్పు పట్టకముందే విరుగుతుంది. బురదా నీళ్లూ ఎక్కువగా తొక్కే మామూలు బండికి నిప్పిల్ ఉన్నదే సరి. తిరిగొచ్చాక గన్నుతో నాలుగు టోపీల నుంచీ కొత్త గ్రీజు పొంగేదాకా కొడితే లోపలి నీళ్లూ మట్టీ బయటికి వచ్చేస్తాయి. సీలు చేసినదాంట్లోకి ఒకసారి నీళ్లు పోతే తీసే దారి లేదు. టోపీ అంచున ఎర్రటి తుప్పు పొడి, రివర్స్ నుంచి మొదటి గేరుకి మార్చినప్పుడు టక్కుమని శబ్దం వచ్చేనాటికి దాని పని అయిపోయినట్టే.

దారిలోనే వెనక క్రాసు విరిగితే చాలా పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లను (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకీ శక్తినిచ్చేవి) వెనక షాఫ్ట్ మొత్తం విప్పేసి, ఫోర్-హైలో (నాలుగు చక్రాలకీ శక్తి అందే మామూలు వేగం గేరు) పెట్టి ముందు చక్రాలతోనే నిదానంగా ఇంటికి తెచ్చుకోవచ్చు. షాఫ్ట్ చివర ట్రాన్స్‌ఫర్ కేసులోకి జారే రకమా, బోల్టులతో బిగించే రకమా అన్నది ముందే చూసుకోండి. జారే రకమైతే షాఫ్ట్ తీయగానే ఆ రంధ్రం నుంచి నూనె కారిపోతుంది, దాన్ని మూసే ఏర్పాటు వెంట ఉండాలి.

గ్రీజు విషయం రెండు ముక్కల్లో. చక్రాల బేరింగులకి లిథియం కాంప్లెక్స్ గ్రీజు చాలు. రోజూ నీళ్లలో నానే బండికి కాల్షియం సల్ఫోనేట్ గ్రీజు ఇంకా బాగా నిలుస్తుంది. ఒకదాని మీద ఒకటి కొట్టకండి, కొన్ని రకాలు కలిస్తే పల్చబడి కారిపోతాయి. మార్చదలిస్తే పాతదంతా కడిగి మార్చాలి.

టైర్లు, రిమ్ములు

దీని మీద జరిగినన్ని వాదనలు ఇంకే భాగం మీదా జరగవు, అందులో సగం అనవసరం. ఆల్ టెరైన్ టైరా, మడ్ టెరైన్ టైరా అన్నది బండి ఎక్కువ కిలోమీటర్లు ఎక్కడ తిరుగుతుందో దాన్నిబట్టి తేలాలి. మడ్ టైరు పళ్ల మధ్య సందులు పెద్దవి, బంకమట్టిని తిరుగుతూనే విసిరేస్తుంది. ఆ సందుల వల్లే తడి తారు మీద నేలకి ఆనే రబ్బరు తగ్గి బ్రేకు వేశాక ఆగే దూరం పెరుగుతుంది, హోరు పెరుగుతుంది, పళ్లు ఒకవైపే అరుగుతాయి. వారమంతా రోడ్డు మీద, సెలవుల్లో అడవిదారిలో తిరిగే బండికి ఆల్ టెరైన్ చాలు, నిజానికి అదే క్షేమం. నల్లరేగడి లాంటి జిగట నేల మీద నెలలో సగం రోజులు నడిపేవాళ్లకి మాత్రం మడ్ టైరుకి సాటి లేదు.

పళ్ల నమూనా కంటే పక్కగోడ ముఖ్యం. ఆఫ్‌రోడ్‌లో టైరును చంపేది ఎక్కువగా పక్కగోడ మీద పడే కోత. పళ్ల భాగంలో మేకు గుచ్చుకుంటే గాలి మెల్లగా పోతుంది, దారిలోనే జిగురు తీగ పెట్టి మూయొచ్చు. పక్కగోడ చీలితే గాలి ఒక్క క్షణంలో పోతుంది, పూర్తి మరమ్మతు ఎవరూ చేయలేరు. అందుకని రెండు టైర్ల మధ్య తేల్చుకోలేకపోతే, లైట్ ట్రక్కు తరగతికి చెందిన, పక్కగోడలో మూడు పొరలున్న ఆల్ టెరైన్‌ని ఎంచుకోండి. పల్చటి పక్కగోడ ఉన్న మడ్ టైరు చూడ్డానికి ఎంత భీకరంగా ఉన్నా పదునైన రాయి ముందు నిలవదు.

పంక్చర్ వేయించడంలోనూ ఎంపిక ఉంది. బయటినుంచి గుచ్చే జిగురు తీగ అక్కడికక్కడ కదలడానికి. ఊరు చేరాక టైరు రిమ్ము నుంచి ఊడదీయించి, లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్ వేయించాలి. అది రంధ్రాన్నీ నింపుతుంది, లోపలి పొరనీ మూస్తుంది. పళ్ల భాగంలో 6 మిల్లీమీటర్ల దాకా ఉన్న రంధ్రానికే అది పనికొస్తుంది. పక్కగోడకి తీగలు గుచ్చి బండి కదిలించాల్సి వస్తే నడక వేగంతో రోడ్డు దాకా రండి, ఆ టైరును మళ్లీ వాడకండి.

రిమ్ముల్లో నా ఓటు ఇనుముకే. పోత అల్లాయ్ రిమ్ము తేలిక, అందమైనది, బ్రేకుల వేడిని బాగా వదులుతుంది. గట్టి రాయికి అంచు కొట్టుకుంటే అది చిట్లుతుంది. ఇనుప రిమ్ము వంగుతుంది. వంగినదాన్ని సుత్తితో సాగగొట్టి, గాలి నింపి కదలొచ్చు. చిట్లినదానికి మార్గం లేదు. ఇసుకలోనూ రోడ్డు మీదా తిరిగేవాళ్లకి అల్లాయ్ మంచిదే, అక్కడ దాన్ని కొట్టే రాళ్లు ఉండవు.

ఇసుకలో చాలామంది గాలి 15 నుంచి 18 పీఎస్ఐ దాకా దించుతారు. అంతకంటే కిందికి వెళ్తే మలుపులో టైరు రిమ్ము మీంచి ఊడే ప్రమాదం ఎక్కువ. తారెక్కే ముందు మళ్లీ నింపాలి, లేకపోతే పక్కగోడ వేడెక్కి లోపలి పొరలు విడిపోతాయి. గాలి పంపు కొనేటప్పుడు బ్యాటరీకి నేరుగా తగిలించేదాన్ని తీసుకోండి, సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టేవి పెద్ద టైర్లకి చాలవు.

కొత్తవి రెండే కొని ముందో వెనకో వేయించడం పార్ట్‌టైమ్ బండికి మంచిది కాదు. ఫోర్‌వీల్‌లో పెట్టగానే ముందు వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరగాలి. అరిగిన టైరు చుట్టుకొలత తక్కువ, కొత్తదాని చుట్టుకొలత ఎక్కువ. ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీదా షాఫ్టుల మీదా మెలికగా పడుతుంది. స్టెప్నీని కూడా కలిపి అయిదు టైర్లనూ వంతులవారీగా తిప్పితే అన్నీ ఒకేలా అరుగుతాయి. పాత నిల్వ టైరు అంటగట్టకుండా పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం.

రబ్బరు బుష్‌లా, పాలీయురేథేన్ బుష్‌లా?

సస్పెన్షన్ కీళ్లలో కుదుపును తీసుకునే తొడుగుల్లాంటి బుష్‌లు మార్చే సమయం రాగానే చాలామంది రంగురంగుల పాలీయురేథేన్ వాటివైపు చూస్తారు. బండి రోడ్డు మీద బిగువుగా ఉంటుంది, నూనె తగిలినా పాడవదు, ప్రెస్ లేకుండా చేత్తో ఎక్కించొచ్చు. ఇవన్నీ నిజాలే.

అయితే రెండూ పనిచేసే తీరు వేరు. రబ్బరు బుష్ లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. సస్పెన్షన్ ఆర్ము పైకీ కిందికీ ఆడినప్పుడు తడిగుడ్డను పిండినట్టు రబ్బరే మెలితిరిగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. జారే పని లేదు, గ్రీజు అక్కర్లేదు. పాలీ బుష్ లోపల గొట్టం జారుతూ తిరగాలి. ఆ సందులోకి ఇసుక దూరితే కిర్రుమంటుంది, అరుగుతుంది. విప్పి కడిగి సిలికోన్ గ్రీజు రాయాలి. పైగా అది అడ్డంగా వంగదు. రేడియస్ ఆర్ములు (ఇరుసును ఛాసిస్‌కి కలిపే కడ్డీలు), ఘన ఇరుసు (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి గొట్టం) ఉన్న బండి ఒక చక్రాన్ని పైకెత్తి ఇంకోదాన్ని కిందికి జార్చాలంటే ఆ బుష్‌లు అన్ని వైపులా వంగాలి. అవి వంగకపోతే చక్రం నేలను వదిలేస్తుంది, లేదా ఆ ఒత్తిడి బ్రాకెట్ల వెల్డింగుల మీద పడుతుంది.

నా ఎంపిక సూటిగా: ఆర్ములకి రబ్బరు, స్టెబిలైజర్ బార్‌కి (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) పాలీ. రబ్బరు పాడవుతుంటే టార్చిలైటుతో చూస్తే పగుళ్లు కనిపిస్తాయి, నెలల ముందే తెలుస్తుంది. రబ్బరు బుష్‌లు త్వరగా చిరుగుతున్నాయని ఫిర్యాదు చేసేవాళ్లు తమ మెకానిక్ బోల్టులు ఎప్పుడు బిగించాడో కనుక్కోవాలి. బండి జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోతుంది. వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు వేయాలి. ఇది చేయకపోతే ఎంత మంచి కంపెనీ రబ్బరైనా నిలవదు.

షాక్ అబ్జార్బర్లు

ఒకే గొట్టం ఉన్న మోనోట్యూబ్‌లో గ్యాసు, నూనె మధ్య ఓ పిస్టన్ అడ్డుగా ఉంటుంది కాబట్టి నూనె నురగదు. గొట్టం గాలికి నేరుగా తగులుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది. గంటల తరబడి గతుకుల మట్టిరోడ్డు మీద వేగంగా నడిపేవాళ్లకి ఇదే కావాలి. రాయి తగిలి ఆ గొట్టానికి సొట్ట పడితే మాత్రం లోపలి పిస్టన్ అక్కడే ఇరుక్కుంటుంది. రెండు గొట్టాల ట్విన్‌ట్యూబ్‌లో బయటి గొట్టానికి సొట్ట పడినా లోపలిది పనిచేస్తూనే ఉంటుంది, కానీ వేడెక్కితే నూనె నురగకట్టి బండి ఊగిసలాడుతుంది. కాస్త ఆగి చల్లారనిస్తే మళ్లీ కోలుకుంటుంది. నిదానంగా రాళ్ల మీద నడిపే బండికి ట్విన్‌ట్యూబ్‌నే ఎంచుకోండి. గ్యాసుకి బదులు నురుగు స్పాంజి పెట్టే ఫోమ్ సెల్ రకం దొరికితే ఇంకా మంచిది.

గాలి ఫిల్టర్: కాగితమే

నూనె తడిపిన నూలు ఫిల్టర్లను కడిగి మళ్లీ మళ్లీ వాడొచ్చని, ఇంజిన్‌కి గాలి ఎక్కువ అందుతుందని కొంటారు. దుమ్ములో నడిచే బండికి వద్దు. కాగితం ఫిల్టర్ నిండిపోతే బండికి ఊపిరాడదు, పికప్ తగ్గుతుంది, మనకి వెంటనే తెలుస్తుంది. ఇంజిన్‌కి హాని జరగదు. నూలు ఫిల్టర్‌లో నూనె ఆరిపోతే బండి హాయిగా నడుస్తూనే ఉంటుంది, సన్నటి దుమ్ము సిలిండర్లను అరగదీస్తూ ఉంటుంది. నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సర్ మీద పడుతుంది.

ఏ ఫిల్టర్ పెట్టినా, దాని తర్వాత ఇంజిన్ వైపున్న గొట్టంలో వేలు పెట్టి రాసి చూడండి. దుమ్ము అంటితే ఫిల్టరో, క్లాంపో, స్నార్కెల్ (ఇంజిన్ గాలిని ఎత్తు నుంచి తీసుకునే గొట్టం) అతుకో ఎక్కడో తప్పు ఉంది. స్నార్కెల్ ఉందంటే నీళ్లు పోవన్న హామీ లేదు. ప్రతి అతుకూ సీలు అయితేనే దానికి అర్థం.

కడగడం, తుప్పు

బురద ఎండక ముందే కడగాలన్న తొందరలో ప్రెషర్ వాషర్ పట్టుకుని సీళ్ల మీద, కరెంటు కనెక్టర్ల మీద, బేరింగుల మీద కొట్టేవాళ్లున్నారు. వాగు చేయని పని అది చేస్తుంది. ఒత్తిడి తక్కువ, నీళ్లు ఎక్కువ ఉండే మామూలు పైపుతో నానబెట్టి కడగండి. ఛాసిస్ పెట్టె లోపలికి పైపు దూర్చి, కింద నీళ్లు కారే రంధ్రాలు మూసుకుపోలేదని చూడండి. తుప్పు బయట కనిపించేచోట కన్నా అక్కడే ముందు మొదలవుతుంది. రేడియేటర్ రెక్కల్లోని బురదను ఇంజిన్ వైపు నుంచి బయటికి కడగాలి.

అడుగుభాగానికి పూత వేయించేటప్పుడు నల్లటి మందపాటి రబ్బరు పూత చూపించి, ఇది వేస్తే ఏళ్ల తరబడి చూసుకోనక్కర్లేదంటారు. ఏళ్ల తరబడి చూడలేకపోవడమే దానిలోని లోపం. రాయి తగిలి ఎక్కడో పగిలితే నీళ్లు పూత కిందికి చేరి అక్కడే నిలుస్తాయి. పైకి నున్నగా కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకులోకి దిగిపోతుంది. మైనం లేదా లానోలిన్ లాంటి జిడ్డు పూతను ఏడాదికోసారి మళ్లీ వేయాలి, చేతికి అంటుతుంది, దుమ్ము పట్టుకుంటుంది. అయినా దానికింద ఏం జరుగుతోందో కనిపిస్తుంది. ఆ ఒక్క కారణం చాలు నాకు.

ఫ్రంట్ హబ్బులు

లాకింగ్ హబ్బు ముందు చక్రాన్ని ఇరుసుకి కలుపుతుంది, విడదీస్తుంది. చేత్తో తిప్పేవాటి చరిత్ర చాలా పాతది. 1948లో ఆర్థర్ వార్న్ మొదలుపెట్టిన సంస్థ తొలి రోజుల్లో చేసినవి విల్లీస్ జీపులకు ఈ హబ్బులే. వాక్యూమ్‌తో పనిచేసే ఆటోమేటిక్ హబ్బులతో కిందికి దిగే పని ఉండదు. కానీ ఓ సన్నటి గొట్టం పగిలిందంటే డ్యాష్‌బోర్డు మీద ఫోర్‌వీల్ దీపం వెలిగినా ముందు చక్రాలు తిరగకపోవచ్చు. మాన్యువల్ హబ్బే నమ్మకం. ఏది ఉన్నా నెలకోసారైనా హబ్బులు లాక్ చేసి, మట్టిదారి మీద కొంతదూరం నడిపి, లో-రేంజ్ (నిదానంగా, ఎక్కువ బలంతో తిప్పే గేరు) కూడా వేసి తీయండి. వాడకుండా వదిలేసిన లివర్లు సరిగ్గా అవసరమైన రోజునే కదలవు.

విడిభాగం ఎవరిది కొనాలి?

బండి కంపెనీ పెట్టెలో వచ్చేది, అదే భాగాన్ని ఆ కంపెనీకి సరఫరా చేసే తయారీదారు తన సొంత పెట్టెలో అమ్మేది, బయటి కంపెనీలు చేసేది, పాత బండి నుంచి తీసినది. మన ముందున్నవి ఈ నాలుగు. ఆయిల్ సీళ్లు, సెన్సర్లు, టైమింగ్ బెల్టు, రబ్బరు గొట్టాలకి మొదటి రెండింటిని దాటి వెళ్లకండి. ఇవి లోపల ఉండి, చెప్పాపెట్టకుండా పోయేవి. బేరింగులు పేరున్న తయారీదారువే నమ్మకమైన చోట కొనాలి, వీటిలో నకిలీ పెట్టెలు బాగా తిరుగుతుంటాయి. షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగులు, అడుగున వేసే రక్షణ పలకల్లో మాత్రం బయటి కంపెనీలు చేసేవే తరచుగా మెరుగు, ఎందుకంటే అవి రోడ్డు సుఖం కోసం కాక ఈ వాడకం కోసమే చేసినవి. ఇరుసు గొట్టం, గేర్‌బాక్సు కేసు, తలుపులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ గొట్టం లాంటి పోత, రేకు భాగాలు పాత బండివి కొన్నా ఫర్వాలేదు. పగుళ్లు, వంపు చూసుకోవాలి.

కొత్తవి వేయించినప్పుడు ఇంకా కొంత పని మిగిలిన పాత బెల్టు, పాత గొట్టం, పాత క్రాసు పారేయకండి. కడిగి, చుట్టి బండిలో పెట్టుకుంటే దూరప్రయాణంలో అవే విడి సామాను. అవి సరిగ్గా పడతాయని ముందే రుజువైంది కూడా.

బ్రేకులు, స్టీరింగ్

ఇక్కడ ఎలా పాడవుతుందన్న లెక్కకి చోటు లేదు, పాడవకూడదు. దారిలో సర్దుబాటు చేసుకుందామన్న ఆలోచన పనికిరాదు. పాత బండి నుంచి తీసిన టై రాడ్ ఎండు (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు), బ్రేక్ సిలిండర్, హోసు ఎంత బాగున్నట్టు కనిపించినా వాడొద్దు.

బ్రేక్ నూనెల్లో డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గాలిలోని తేమను పీల్చుకునేవే. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కి అవే అంకెలు 205, 140. పొడవైన ఘాట్ దిగుతూ బ్రేకు నొక్కితే పెడల్ మెత్తగా దిగిపోవడానికి కారణం చాలాసార్లు ఈ తేమే. డాట్ 4 పోసి రెండేళ్లకోసారి మార్చండి. డాట్ 5 పేరు దగ్గరగా ఉన్నా అది సిలికోన్, మిగతావాటితో కలవదు, దాని జోలికి పోవద్దు. డ్రమ్ములున్న బండి బురదలోంచి వచ్చాక డ్రమ్ములు విప్పి కడగాలి. లోపల ఎండిన మట్టి షూలను సాన పట్టినట్టు అరగదీస్తుంది.

ముందు ఘన ఇరుసున్న బండ్లలో ఓ వేగం దగ్గర గతుకు తగలగానే స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోయేంతగా వణుకుతుంది. అప్పుడు ఎదురయ్యే ఎంపిక చాలా ముఖ్యమైనది. స్టీరింగ్ డ్యాంపర్ (వణుకును అణిచే చిన్న షాక్ అబ్జార్బర్) కొత్తది వేస్తే వణుకు ఆ రోజే తగ్గుతుంది, పని సులువు. అసలు కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది, పైగా ఇక కనిపించదు. ముందు టైర్ల బ్యాలెన్స్ చూడండి. తర్వాత ఒకరు ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్టీరింగును అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు కిందినుంచి పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కలకి జరగకుండా ఆపే కడ్డీ) బుష్‌లు, టై రాడ్ ఎండ్లు, స్టీరింగ్ బాక్సు బోల్టులు కదులుతున్నాయేమో చూడాలి. ఆ తర్వాత చక్రం పైకెత్తి కింగ్‌పిన్ (చక్రం పక్కకి తిరిగే కీలు) బేరింగుల ఆట చూడాలి. సుజుకీ జిమ్నీ, టొయోటా ల్యాండ్ క్రూయిజర్ 70ల్లో ఈ కింగ్‌పిన్ బేరింగులే ఉంటాయి, జీప్ ర్యాంగ్లర్‌లో వాటి బదులు బాల్ జాయింట్లు. డ్యాంపర్ మార్చడం అన్నిటికంటే చివరి పని.

ఆ జిమ్నీ, ల్యాండ్ క్రూయిజర్ తరహా ఇరుసుల్లో చక్రం వెనకున్న ఇనుప బంతి మీద నల్లటి పల్చటి జావ కారుతుంటే, బయటి వైపర్ సీలు మారిస్తే సరిపోతుందనుకోకండి. లోపలి ఇరుసు సీలు పోయి గేర్ ఆయిల్ వచ్చి గ్రీజును కరిగిస్తోందని అర్థం. ఒకసారి విప్పాక లోపలి సీలు, బయటి సీలు, కింగ్‌పిన్ బేరింగులు, గ్రీజు అన్నీ కలిపి మార్చడమే లాభం. ఒక్కొక్కటీ విడిగా చేస్తే అదే కూలీ మళ్లీ మళ్లీ కట్టాలి.

మీరు చేసేది, మెకానిక్ చేసేది

నూనెలు, ఫిల్టర్లు, గ్రీజు, బ్రీదర్ గొట్టం, టైర్ల మార్పిడి మీరే చేసుకోండి. డబ్బు మిగలడం కంటే పెద్ద లాభం, బండి కిందికి దూరినప్పుడల్లా మీ కళ్లు దాన్ని చూసి వస్తాయి. చక్రాల బేరింగులు విప్పి గ్రీజు పెట్టడం కూడా పక్కన తెలిసినవాళ్లు ఉండగా ఒకసారి చేస్తే వచ్చేస్తుంది. డిఫరెన్షియల్ గేర్ల అమరిక, ట్రాన్స్‌ఫర్ కేసు విప్పడం, ఛాసిస్ వెల్డింగు మాత్రం అనుభవమున్నవాళ్లకే అప్పజెప్పాలి. గేర్ల పళ్ల మధ్య సందును మిల్లీమీటరులో వందో వంతుల్లో కొలిచే పని అది.

వారంటీ ఉన్నంతకాలం కంపెనీ సర్వీసు సెంటరే సరి. ఆ తర్వాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లే చేసే మెకానిక్ దొరికితే ఆయన దగ్గరికి వెళ్లండి. ఆయన పని తెలిసినవాడో కాదో తేల్చుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. మీ బండి ఎలాంటి నేల మీద తిరుగుతుందో ముందు అడుగుతాడు. వీల్ నట్లు టార్క్ రెంచితో బిగిస్తాడు. తీసిన నూనెను ఒలకబోయకుండా రంగు చూస్తాడు, మీకూ చూపిస్తాడు. మార్చిన పాత భాగాలు అడక్కుండానే చేతికిస్తాడు. సర్వీసు గడువు కిలోమీటర్లలో చెప్పి ఊరుకుంటే, నీళ్లలో దిగినప్పుడు ఏం చేయాలని మీరే అడగండి. ఇరుసు మునిగేంత లోతు దాటాక ఆ వారంలోనే ప్లగ్గు విప్పి నూనె రంగు చూడమని చెప్తే, ఆయనకి బండి ఇవ్వొచ్చు.